కోస్మిన్‌స్కీకి ఉన్న జబ్బేంటి? ఆ జబ్బుతోనే హత్యలు చేశాడా?

కనిగిరి వైపు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. జాక్ ది రిప్పర్ మీద యూట్యూబ్‌లో ఏదో వీడియో చూశారట. 1888లో లండన్ వైట్‌చాపెల్‌లో అయిదుగురు ఆడవాళ్ళను గొంతు కోసి చంపి, దొరక్కుండా పోయిన హంతకుడికి జనం పెట్టుకున్న పేరది. బార్బర్ పని చేసే ఆరన్ కోస్మిన్‌స్కీ అనే పోలండ్ యూదుడే ఆ హంతకుడనీ, చివరికి పిచ్చాసుపత్రిలో చచ్చిపోయాడనీ వీడియోలో తేల్చేశారట. అతనికి అసలు ఏ జబ్బు, ఆ జబ్బున్నవాళ్ళు అట్టాంటి పనులు చేస్తారా అని ఆయన ప్రశ్న. చివర్లో ఇంకో మాట కూడా చేర్చారు: "మా వీధిలో ఒకాయన తనలో తాను గొణుక్కుంటా తిరుగుతుంటాడు సార్, పిల్లల్ని బయటికి పంపాలంటే భయంగా ఉంది."

ముందు సమాధానం చెప్పేస్తాను. ఆసుపత్రి రికార్డు చదివితే స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినబడి, లేనివి ఉన్నాయని గట్టిగా నమ్మే జబ్బు) అనిపిస్తుంది, గట్టిగానే అనిపిస్తుంది. అయితే ఆ రికార్డు అతని జబ్బు గురించి చెబుతుందే తప్ప హత్యల గురించి ఏమీ చెప్పదు. పైగా అందులో కనబడే మనిషికీ, ఆ హత్యలు చేసిన మనిషికీ పొంతన తక్కువ.

నేను నెల్లూరులో మానసిక వైద్యుణ్ణి. చాలా ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో చేశాను, ఇప్పుడు సొంత క్లినిక్. ముద్దాయి మానసిక స్థితి ఏమిటో చెప్పమని కోర్టు నుంచీ జైలు నుంచీ పంపిన కేసులు చూసినవాణ్ణి. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడని మనిషికి జబ్బు పేరు పెట్టడం మా వృత్తిలో తప్పే. చనిపోయి నూరేళ్ళు దాటింది కాబట్టి కొంచెం స్వేచ్ఛ తీసుకుంటున్నాను.

కాగితాల్లో ఉన్నది ఇది. కోస్మిన్‌స్కీ 1865లో పోలండ్‌లోని క్లొదావాలో పుట్టాడు, అప్పుడది రష్యా ఏలుబడి. 1880ల మొదట్లో కుటుంబంతో లండన్ చేరాడు. హత్యలు జరిగిన ఏడాది అతనికి 23 ఏళ్ళు. 1891 ఫిబ్రవరిలో కోల్నీ హాచ్ పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1894లో లీవ్స్‌డెన్ అనే ఇంకో ఆసుపత్రికి మార్చారు. 1919 మార్చిలో కాలికి గాంగ్రీన్ వచ్చి, అంటే కండ కుళ్ళిపోయి, అక్కడే చనిపోయాడు. లోపలికి పోయిన మనిషి 28 ఏళ్ళు బయటికి రాలేదు.

చేర్చేటప్పుడు రాసుకున్న మాటలు క్లుప్తంగానే ఉన్నా మాకు చాలా చెబుతాయి. లోపలి నుంచి ఏదో తనకు తెలియజేస్తుంటుందని, తన కదలికలన్నీ దాని అదుపులోనే ఉన్నాయని, లోకంలో అందరి కదలికలూ తనకు తెలుసని అతను చెప్పాడు. ఇంకొకరు పెట్టిన తిండి తినడు, తినొద్దని తనకు ఆజ్ఞ ఉందంటాడు. వీధి కాలవలో పడ్డ రొట్టె ముక్కలు ఏరుకుని తింటాడు, కుళాయి నీళ్ళు తాగుతాడు. స్నానం చెయ్యడు, చేయించనివ్వడు. ఏళ్ళ తరబడి పని ముట్టుకోలేదు. ఒకసారి కత్తి తీసుకుని అక్కచెల్లెళ్ళలో ఒకామెను చంపుతానని బెదిరించాడు. తనకు జబ్బు ఉందని ఒప్పుకుంటాడు గానీ తిండి మానెయ్యడమే దానికి మందంటాడు.

ఊరి పేరు మారిస్తే ఇది ఏ సోమవారం పొద్దున మా ఓపీలోనైనా వినబడే కథే. తన ఒళ్ళు తన మాట వినడం లేదని, ఇంకేదో నడిపిస్తోందని మనిషి చెప్పినప్పుడు, దానికి తోడు చెవిలో మాటలు వినబడుతున్నప్పుడు, వయసు ఇరవైల్లో ఉన్నప్పుడు, మేం మొదట తలిచేది స్కిజోఫ్రీనియానే. 1891లో ఆ పేరే లేదు. బ్లాయిలర్ అనే స్విస్ మానసిక వైద్యుడు ఆ పేరు పెట్టింది 1908లో. అందుకే అప్పటి డాక్టరు రిజిస్టర్‌లో 'మేనియా' అని రాశాడు. అప్పట్లో అది చాలా రకాల పిచ్చికి కలిపి వాడిన మాట.

తిండి సంగతి దగ్గర కాస్త ఆగుతాను. వీడియోల వాళ్ళు 'కాలవలో రొట్టె తిన్నాడంట' అని అసహ్యించుకుని దాటిపోయేది దాన్నే, నాకు జబ్బు బాగా కనిపించేదీ అక్కడే. ఒక తల్లి కొడుకును తీసుకొచ్చింది (ఊరు చెప్పను, వివరాలు కొన్ని మార్చాను). ఆమె మాట ఇది: "నేను వొండిన కూడు ముట్టడయ్యా. అరిటిపండు ఇస్తే తనే ఒలుచుకోని తింటాడు. కోడిగుడ్డు ఉడకేసి పెంకుతో ఇస్తే తింటాడు. పెంకు తీసిస్తే అవతల పారేస్తాడు. బిందెలో నీళ్ళు తాగడు, బోరింగు కాడికి పొయ్యి తనే కొట్టుకోని తాగుతాడు." ఆ మాట వింటున్నంతసేపూ కుర్రాడు నా టేబుల్ మీది నీళ్ళ గ్లాసు వైపే చూస్తున్నాడు. నేను తాగాక చేతిలోకి తీసుకుని వాసన చూసి మళ్ళీ పెట్టేశాడు. ఇందులో ఒక లెక్క ఉంది. ఎవరి చెయ్యీ పడని తిండే నమ్మదగిన తిండి. కాలవలో రొట్టెను తనకోసమని ఎవరూ అక్కడ పడెయ్యలేదు, కుళాయిలో ఎవరూ ఏమీ కలపలేరు. కోస్మిన్‌స్కీ లెక్క కూడా ఇదేనేమోనని నా ఊహ. ఆజ్ఞ వచ్చిందని అతనే చెప్పాడు కాబట్టి ఊహను ఊహగానే ఉంచుతాను.

మిగతా జబ్బులు ఎందుకు కావంటున్నానో చెప్పాలి.

సిఫిలిస్. ఆ కాలపు పిచ్చాసుపత్రుల్లో సుఖరోగం మెదడుకెక్కినవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. పిచ్చిలా మొదలై, మాట ముద్దగా మారి, కాళ్ళూ చేతులూ పడిపోయి పోయేవాళ్ళు. వాళ్ళ మెదడులో ఆ క్రిమి ఉందని నొగూచి, మూర్ అనే శాస్త్రవేత్తలు 1913లో చూపించారు. పెన్సిలిన్ లేని రోజుల్లో ఆ దశకొచ్చిన రోగి సాధారణంగా కొన్నేళ్ళకు మించి బతికేవాడు కాదు. ఇతను 28 ఏళ్ళు బతికాడు. దీన్ని కొట్టెయ్యొచ్చు.

పెల్లాగ్రా, అంటే నయాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే జబ్బు. ఇది లండన్ డాక్టర్లకన్నా మనవైపు పాత డాక్టర్లకు ముందు తడుతుంది. జొన్న సంకటే ఆధారంగా బతికిన మెట్ట ప్రాంతాల్లో మెడ చుట్టూ హారంలాగా చర్మం నల్లబడటం, విరేచనాలు, ఆ తర్వాత మతి చెడటం మన పెద్దవాళ్ళు చూసినవే. జొన్నలోని లూసిన్ అనే పదార్థానికీ ఆ జబ్బుకీ ముడి ఉందని గోపాలన్, శ్రీకంఠయ్య అనే శాస్త్రవేత్తలు 1960లో హైదరాబాదులో పరిశోధించి రాశారు. నయాసిన్ విటమిన్ ఇస్తే రోజుల్లో తేడా కనబడుతుంది. తిండి మానేసిన కోస్మిన్‌స్కీకి విటమిన్ లోపం ఎంతో కొంత ఉండే ఉంటుంది, కాదనను. కానీ జబ్బు వల్ల తిండి మానేశాడు గానీ తిండి లేక జబ్బు రాలేదు. ఆసుపత్రి తిండి తింటూ అంతకాలం బతికినా మనసు బాగుపడలేదు కదా.

డిప్రెషన్. దిగులుగా ఉంటాడని కూడా రాశారు. మొదట్లో దిగులుతోనే వచ్చి తర్వాత అసలు రంగు చూపించే రోగులు మాకు మామూలే. దిగులు జబ్బు మాత్రమే అయితే మధ్యలో ఎప్పుడో ఒకసారి తేరుకునేవాడు. ఇతను ఏళ్ళు గడిచేకొద్దీ మొద్దుబారిపోయాడు. చివరి ఏళ్ళ నోట్స్‌లో ప్రశ్న అడిగితే గొణుగుతాడని, మాటలు వినబడుతున్నాయని ఉంది. బరువు 96 పౌండ్లకు, అంటే సుమారు 43 కిలోలకు దిగిపోయింది. అదంతా జబ్బు ఖాతాలో వెయ్యకండి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్ పిచ్చాసుపత్రుల్లో తిండి కోసేశారు, ఆ ఏళ్ళలో వాటిలో చావులు బాగా పెరిగాయి.

ఒక్క అనుమానం మాత్రం నాకూ తీరలేదు. అతను జర్మన్ మాత్రమే మాట్లాడతాడని ఒకచోట రాశారు. బహుశా అది ఇడ్డిష్ (జర్మన్‌ను పోలిన యూదుల భాష) అయి ఉంటుంది. భాష రాని డాక్టరు 'పొంతన లేని మాటలు' అని రాస్తే ఎంతవరకు నమ్మాలి? కృష్ణపట్నం వైపు పనికొచ్చిన బీహార్ కుర్రాళ్ళను కాంట్రాక్టర్ మనిషి తీసుకొస్తాడు. అతనే దుబాసీ. రోగి ఓ నిమిషం పాటు చెప్పుకొస్తే, "ఏందేందో అంటున్నాడు సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆ ముక్కను కేసు షీటులో ఎక్కిస్తే రేపు ఎవరో దాన్నే లక్షణం అనుకుంటారు.

రిజిస్టర్‌లో జబ్బుకు కారణం అనే గడి ఉంది. మొదట 'తెలియదు' అని రాసి, తర్వాత ఎర్ర సిరాతో 'హస్తప్రయోగం' అని దిద్దారు. నవ్వొస్తోందా? మన బస్టాండ్ల గోడల మీద ఇప్పటికీ అదే మాట ఇంకో రూపంలో ఉంది. 'నరాల బలహీనత, ధాతు నష్టం, రహస్య వ్యాధులు, ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన కలవండి.' ఆ లాడ్జి గదిలో వేలకు వేలు పోసి, ఉన్న జబ్బు ముదిరాక నా దగ్గరికొచ్చిన కుర్రాళ్ళు ఎంతోమంది. 1891 నాటి డాక్టరుకు తెలియక రాశాడు, ఈ లాడ్జి వైద్యులకు తెలిసే రాస్తారు. సరే, అసలు సంగతికొస్తాను.

అదే ఎర్ర సిరా ఇంకోచోట కూడా పడింది, మీ ప్రశ్నకు అది చాలా ముఖ్యం. జబ్బు ఎన్నాళ్ళ నుంచి అనే గడిలో మొదట 'ఆరు నెలలు' అని రాసి 'ఆరు సంవత్సరాలు' అని దిద్దారు. ఆరు నెలలే అయితే 1888లో అతను బాగానే ఉన్నట్టు, జబ్బు వల్ల హత్యలు చేశాడన్న కథ అక్కడే ఆగిపోతుంది. ఆరేళ్ళయితే హత్యల నాటికే ముదిరి ఉండాలి. అట్టాంటివాడు నడివీధిలో, పోలీసుల గస్తీల మధ్య, నిమిషాల్లో పని ముగించుకుని రక్తపు బట్టలతో ఇంటికి చేరడం నాకు నమ్మబుద్ధి కాదు. ఆగస్టు 31న మొదటి హత్య, నవంబర్ 9న అయిదోది. ఇన్నిసార్లు ఒక్కరి చేతికీ చిక్కలేదు.

మధ్యలో ఒక చిన్న కోర్టు కేసు ఉంది, దాన్ని వీడియోల్లో తక్కువ చూపిస్తారు. 1889 డిసెంబర్‌లో చీప్‌సైడ్ వీధిలో మూతికి చిక్కం లేని కుక్కను వెంటబెట్టుకుని తిరిగాడని అతని మీద కేసు పెట్టారు. పోలీసుకు అబ్రహామ్స్ అని పేరు చెప్పాడట. అదేమని మేజిస్ట్రేట్ ముందు అడిగితే, కోస్మిన్‌స్కీ అని రాయడం కష్టం కాబట్టి అప్పుడప్పుడు అట్టా చెబుతానన్నాడు. కోర్టులో అందరూ నవ్వారు. కుక్క నాది కాదు, జుర్మానా కట్టలేను అని వాదించాడు. పది షిల్లింగులు వేశారు. కుక్కను తిప్పుకుంటూ, జడ్జికి సూటిగా జవాబు చెప్పిన ఈ మనిషి పద్నాలుగు నెలల తర్వాత కాలవ రొట్టె తింటున్నాడు. దీన్ని బట్టి జబ్బు 1890 ప్రాంతంలో ముదిరిందనుకోవచ్చు. ముందు నుంచే ఉండి, మంచి రోజులూ చెడ్డ రోజులూ వచ్చిపోతుండేవనీ అనుకోవచ్చు. రెండోది నేను రోజూ చూస్తూనే ఉంటాను. కోర్టు హాల్లో చక్కగా మాట్లాడి, జైలు వ్యానెక్కగానే డ్రైవర్ తన ఆలోచనలు వింటున్నాడని మొత్తుకున్న మనిషి నాకు తెలుసు. అందుకే కోర్టు అడిగితే నేను ఒక్క ఇంటర్వ్యూతో రిపోర్టు రాయను, వార్డులో పెట్టమంటాను. రాత్రి నిద్రపోయాడా, భోజనం ఎవరి చేతి నుంచి తీసుకున్నాడు, ఎవరూ లేరనుకున్నప్పుడు ఏం చేస్తున్నాడు? ఇవి డ్యూటీ సిస్టర్ రాసిన పుస్తకంలో దొరుకుతాయి, నా ప్రశ్నలకు కాదు.

ఇక కొట్లాట సంగతి. పిచ్చాసుపత్రిలో చేరినప్పుడు 'ఇతరులకు ప్రమాదమా?' అన్న గడిలో 'కాదు' అని రాశారు. ఆ తర్వాత నమోదైన పెద్ద గొడవ 1892 జనవరిలో, అటెండెంట్ మీదికి కుర్చీ ఎత్తడం. అంతకుముందు కత్తి చూపించింది తోడబుట్టినామె మీద. ఇది మాకు బాగా తెలిసిన తీరు. వైద్యం అందని సైకోసిస్‌లో (ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితిలో) ఎవరిమీదైనా చెయ్యి లేచిందంటే చాలావరకు ఇంట్లోవాళ్ళ మీదే, భయంతో, అప్పటికప్పుడు. తర్వాత పారిపోవడం కూడా తోచదు, అక్కడే కూర్చుండిపోతారు. ఎక్కువమంది అసలు ఎవరి జోలికీ పోరు. వాళ్ళే దెబ్బలు తింటుంటారు.

దీనికి ఎదురు కేసు లేదా అంటే ఉంది, దాచను. పీటర్ సట్‌క్లిఫ్ అనే లారీ డ్రైవర్ 1975 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లో పదముగ్గురు ఆడవాళ్ళను చంపాడు. స్కిజోఫ్రీనియా అని డాక్టర్లు చెప్పారు. జ్యూరీ ఒప్పుకోక 1981లో హత్యానేరమే ఖాయం చేసింది, 1984లో జైలు నుంచి బ్రాడ్‌మూర్ అనే, మానసిక రోగులైన నేరస్థులను ఉంచే ఆసుపత్రికి మార్చారు. కాబట్టి ఆ జబ్బున్నవాడు వరస హత్యలు చెయ్యనే చెయ్యడని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. సట్‌క్లిఫ్ ఉద్యోగం చేసుకుంటూ, పెళ్ళాంతో కాపురం చేస్తూ, బయటికి మామూలుగా తిరిగినవాడన్నది మాత్రం గుర్తుంచుకోండి.

మన చట్టం కూడా జబ్బు పేరుతో ఆగదు. ఐపీసీ 84, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 22 సెక్షన్. చేసిన పని ఎట్టాంటిదో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఆ క్షణాన ఉన్నాడా అన్నదే ప్రశ్న. చీకటి చూసుకుని, గస్తీ తప్పించుకుని, గుర్తు లేకుండా పోయిన హంతకుడు ఎవరైనా గానీ, అది తప్పని అతనికి తెలుసు.

మరి పోలీసులు ఇతని పేరెందుకు రాశారు? 1894లో మెక్‌నాటన్ అనే పోలీసు అధికారి నివేదికలో 'కోస్మిన్‌స్కీ' అని ఇంటిపేరు మాత్రమే ఉంది. ఆడవాళ్ళంటే విపరీతమైన ద్వేషమనీ, 1889 మార్చి ప్రాంతంలో పిచ్చాసుపత్రిలో వేశారనీ రాశాడు. అసలు చేరింది 1891లో. స్వాన్సన్ అనే ఇంకో అధికారి పుస్తకం అంచున రాసుకున్న నోట్‌లో అతను చేరిన కొన్నాళ్ళకే చనిపోయాడని ఉంది. బతికింది 1919 దాకా. ఇన్ని తప్పులు చూసి మార్టిన్ ఫిడో అనే పరిశోధకుడు ఇంకో రోగి వైపు వేలు చూపించాడు. డేవిడ్ కోహెన్ అనే ఆ రోగి 1888 డిసెంబర్‌లో చేరాడు, బాగా తిరగబడేవాడు, 1889 అక్టోబర్‌లో చనిపోయాడు. రిప్పర్ హత్యలు ఆగిన కాలానికి అతనే ఎక్కువ సరిపోతాడు. అతనూ హంతకుడని నేననను. ఒక పేద వలస పేటలో పిచ్చివాళ్ళుగా ముద్రపడ్డ యూదులు ఒకరికి ఇద్దరు దొరికారు, అంతే.

చనిపోయిన ఆడవాళ్ళలో ఒకామెదని చెప్పే శాలువా మీద కోస్మిన్‌స్కీ డీఎన్‌ఏ దొరికిందని 2019లో వచ్చిన వార్త కూడా వీడియోలో ఉండే ఉంటుంది. అందులో చూసింది మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ. తల్లి వైపు నుంచి వచ్చే ఆ గుర్తు వేలమందికి ఒకేలా ఉండొచ్చు. ఆ శాలువా హత్యాస్థలం నుంచే వచ్చిందనడానికి గట్టి ఆధారం లేదు, పైగా తరాలుగా ఎందరి చేతుల్లోనో నలిగింది. మన సెషన్స్ కోర్టులో డిఫెన్స్ లాయర్ దాన్ని మొదటి వాయిదాలోనే చింపేస్తాడు.

ఇప్పుడు మీ వీధిలో ఆయన సంగతి. మీ ప్రశ్న మొత్తంలో నాకు పనికొచ్చే భాగం ఇదే. గొణుక్కుంటూ తిరగడం ఒక్కటే ప్రమాద సూచన కాదు. నేనైతే చూసేవి ఇవి: బాగా తాగుతాడా, ఇంతకుముందు ఎవరినైనా కొట్టాడా, ఫలానా మనిషే తనకు హాని చేస్తున్నాడని పేరు పెట్టి పదేపదే అంటాడా, కత్తో కర్రో దగ్గర పెట్టుకుంటున్నాడా, మాత్రలు వాడుతూ మానేశాడా. ఇవేమీ లేకపోతే మీ పిల్లలకన్నా ఆయనకే ఎక్కువ ముప్పు. రాళ్ళేసే పిల్లలుంటే ముందు వాళ్ళను ఆపండి.

ఇంట్లోవాళ్ళు ఉంటే వాళ్ళతో మాట్లాడండి. ఇప్పటికే ఏఎస్ పేట దర్గాలోనో ఇంకెక్కడో నిద్ర చేయించి వచ్చి ఉంటారు. దాన్ని ఎగతాళి చెయ్యకండి. నేను కూడా వెళ్ళొద్దనను, వెళ్ళేటప్పుడు మాత్రలు కూడా సంచిలో పెట్టుకోమంటాను. పిచ్చాసుపత్రి అనే మాట అసలు వాడొద్దు. మా నెల్లూరులో పాతవాళ్ళు 'కీల్పాక్‌కి పంపాలి' అనేవాళ్ళు, మద్రాసు పిచ్చాసుపత్రి ఉన్న చోటు కదా. ఆ భయంతోనే సగంమంది జబ్బు దాచుకుంటారు. కోస్మిన్‌స్కీ రోజుల్లో తాళం వెయ్యడం తప్ప వేరే దారి లేదు, ఈ జబ్బుకు పనిచేసే మొదటి మందు క్లోర్‌ప్రోమజీన్ వచ్చిందే 1952లో. ఇప్పుడు ఎక్కువమందిని ఇంట్లో ఉంచే చూస్తున్నాం. మాత్ర మింగనివాళ్ళకు నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి.

మీకు దగ్గర ఒంగోలు ప్రభుత్వాసుపత్రి, అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్లో అడగాలనుకుంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. తీసుకెళ్ళేటప్పుడు పాత చీటీలు, మాత్రల అట్టలు ఏమున్నా పట్టుకెళ్ళమనండి. ఆయనతో రోజూ ఉండే మనిషినే తోడు పంపండి. ఆయన ఏం తింటున్నాడో, ఎవరి చేతి నుంచి తింటున్నాడో డాక్టరు అడక్కపోయినా చెప్పమనండి.